ఇనుప చప్పుడు, మనిషి చెవి

1981లో పశ్చిమ జర్మనీలోని హాంబుర్గ్ నుంచి త్సిక్‌త్సాక్ అనే చిన్న రికార్డు కంపెనీ ‘కొలాప్స్’ అనే ఎల్పీని విడుదల చేసింది. పశ్చిమ బెర్లిన్‌లో పుట్టిన ఐన్‌ష్టుర్ట్‌సెండె నోయ్‌బౌటెన్ బృందానికి అది తొలి స్టూడియో ఆల్బం. బృందం పేరుకు కూలిపోతున్న కొత్త కట్టడాలు అని అర్థం. బ్లిక్సా బార్గెల్డ్, ఎన్.యు. ఉన్రూ, ఎఫ్.ఎం. ఐన్‌హైట్ అనే ముగ్గురు యువకులు దాన్ని తయారుచేశారు. అందులో గిటార్ ఉంది, బేస్ ఉంది. కానీ అన్నిటికంటే ముందు చెవిని తాకేది ఇనుమే. రేకుల మోత, సమ్మెట దెబ్బలు, డ్రిల్లింగ్ మెషీన్ గుర్రుమనే చప్పుడు, వాటన్నిటి మీదుగా చీల్చుకొచ్చే ఒక మనిషి అరుపు. మొదటిసారి విన్నవాళ్లలో చాలామంది ఇది సంగీతమేమిటి, ఉత్త రొద అంటారు. ఆ అభిప్రాయాన్ని చాదస్తమని తోసేయనక్కర్లేదు. ధ్వని గురించి అది ఒక స్పష్టమైన ప్రతిపాదన. పరీక్షకు నిలుస్తుందో లేదో చూడవచ్చు. భౌతికశాస్త్రం, మనోవిజ్ఞానం ఇప్పటిదాకా కూడబెట్టిన సాక్ష్యాలను దగ్గరపెట్టుకుని చూస్తే నాకు తోచేది ఇది: ఒక చప్పుడు సంగీతమా కాదా అన్నది ఆ వస్తువు కంపించే తీరుతో తేలిపోదు. తర్వాత ఏం రాబోతోందో చెవి ఊహించగలిగినప్పుడు, ఆ ఊహకు తగిన పని దొరికినప్పుడు రొద సంగీతమవుతుంది. ‘కొలాప్స్’ ఈ విషయాన్ని దాదాపు ఒక ప్రయోగంలాగా బయటపెడుతుంది.

ముందుగా ఆ ఇనుము ఎక్కడిదో చెప్పుకోవాలి. చుట్టూ గోడ ఉన్న పశ్చిమ బెర్లిన్‌లో 1980 ఏప్రిల్ 1న ఈ బృందం తొలి కచేరీ చేసింది. డబ్బు అవసరమై ఉన్రూ తన డ్రమ్ సెట్టు అమ్మేసి, దాని స్థానంలో దొరికిన ఇనుప సామాను పెట్టుకున్నాడని ఆ బృందం చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. అదే ఏడాది వాళ్లు నగరంలోని ఒక ఆటోబాన్ వంతెన లోపలి ఖాళీలోకి వెళ్లి అక్కడే ఇనుము మోగించి రికార్డు చేశారు. ఆ చోటు ఎంపికలో ధ్వనిశాస్త్రం దాగి ఉంది. గట్టి కాంక్రీటు గోడ తనను తాకిన శబ్దంలో నూటికి ఒకటి రెండు వంతులే పీల్చుకుంటుంది, మిగిలినదంతా వెనక్కి పంపేస్తుంది. ఒక్క దెబ్బ కొడితే ఆ ఖాళీ అంతా చాలాసేపు మోగుతూనే ఉంటుంది. తొలి కచేరీ జరిగిన రెండు నెలల్లోపే, మే 21న, ఆ నగరానికి గర్వకారణమైన కాంగ్రెస్ హాలు పైకప్పు కొంతభాగం కూలి ఒకరు చనిపోయారు. 1957లో అమెరికా కానుకగా వెలసిన కట్టడం అది. కాంక్రీటు లోపలి ఉక్కు తీగలు తేమకు తుప్పుపట్టి తెగడం దానికి కారణం. బృందం పేరుకు ఆ ప్రమాదం అనుకోకుండా సాక్ష్యం పలికింది. ఈ నేపథ్యమంతా చూసి, పేదరికం, కోపం, ఆ కాలపు రాజకీయం కలిస్తే ఈ ఆల్బం పుట్టిందనీ, ఇందులో విజ్ఞానశాస్త్రానికి పనేముందనీ ఎవరైనా అడగవచ్చు. వాళ్లు ఇనుము ఎందుకు పట్టుకున్నారో పేదరికం చెబుతుంది. ఆ ఇనుము నలభై ఏళ్ల తర్వాత, బెర్లిన్ మొహం ఎరుగని శ్రోతను కూడా కుర్చీలోంచి కదలనివ్వకుండా ఎందుకు పట్టుకుంటుందో మాత్రం చెప్పలేదు. దానికి చెవి దగ్గరికే వెళ్లాలి.

సంగీత ధ్వనికీ రొదకీ మధ్య గీతను శాస్త్రీయంగా గీసిన మహానుభావుడు హెర్మాన్ హెల్మ్‌హోల్ట్స్. 1863లో వెలువడిన తన గ్రంథంలో ఆయన, క్రమం తప్పకుండా పునరావృతమయ్యే కంపనాలు స్వరాన్నిస్తాయనీ క్రమంలేని కంపనాలు రొదనిస్తాయనీ తేల్చాడు. తర్వాత ఆయన ఆచార్యుడిగా స్థిరపడింది బెర్లిన్‌లోనే. ఆయన గీత ఎంత బలమైనదో అంకెలు చూస్తే తెలుస్తుంది. ఒక తీగ సెకనుకు 100 సార్లు కంపిస్తుంటే దాని అతిస్వరాలు 200, 300, 400 దగ్గర పడతాయి. అన్నీ పూర్ణ గుణిజాలే కాబట్టి మెదడు వాటన్నిటినీ ఒకే స్వరంగా కలిపి వింటుంది. మామూలుగా బిగించిన గుండ్రటి తోలు మూతను కొడితే 100 తర్వాత వచ్చేవి 159, 214, 230 ప్రాంతంలో ఉంటాయి. రెండు కొసలూ వదిలేసిన ఇనుప కడ్డీ అయితే 276, 540, 893. ఈ అంకెల మధ్య చుట్టరికమే లేదు. అందుకే కడ్డీని కొట్టినప్పుడు ఏ స్వరం పలికిందో చెప్పడానికి తడబడతాం. వాద్యాల చరిత్రలో పెద్ద భాగం ఈ చుట్టరికం లేని అతిస్వరాలను దారికి తెచ్చే శ్రమే. మృదంగం కుడి మూత నడుమ అతికించే నల్లని ముద్ద ఆ పనే చేస్తుంది. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలోనూ, ఆ తర్వాత 1934లో మరింత వివరంగానూ చూపించింది ఇదే. ఆ ముద్ద బరువు వల్ల మూత కంపనాలు తీగ కంపనాల్లాగా గుణిజాల వరసలోకి వస్తాయి. మన పూర్వులు చెవిని నమ్ముకుని సాధించిన అద్భుతమైన ఇంజినీరింగ్ అది. పదిహేడో శతాబ్దంలో హాలెండులో గంటలు పోతపోసిన హెమొనీ సోదరులు కంచును లోపలి నుంచి చెక్కి చెక్కి అలాంటి పనే చేశారు. హెల్మ్‌హోల్ట్స్ గీతకు ఇవతల నిలబడటానికి మనిషి అంత కష్టపడ్డాడు.

‘కొలాప్స్’ ఆ కష్టాన్ని కావాలనే పక్కన పెట్టింది. ఏ సవరణా లేని రేకును సమ్మెటతో కొడితే జరిగేది కేవలం అతిస్వరాల తికమక కాదు, అంతకంటే ఆసక్తికరం. గాలిలో అన్ని పౌనఃపున్యాలూ ఒకే వేగంతో పోతాయి. రేకులో వంపు తరంగాలు అలా పోవు. పౌనఃపున్యం నాలుగింతలైతే వేగం రెండింతలవుతుంది. కాబట్టి దూరంగా ఉన్న కొసకు సన్నని శబ్దం ముందు చేరుతుంది, బొంగురు శబ్దం వెనక వస్తుంది. పొడవాటి స్ప్రింగును తట్టినప్పుడు వినిపించే వింతైన జారుడు శబ్దానికి మూలమూ ఇలాంటి వేగాల తేడాయే. ఇక పలచని రేకును బలంగా కొట్టి, అది తన మందంతో పోల్చదగినంతగా ఊగేట్టు చేస్తే మరో సంగతి మొదలవుతుంది. ఒక కంపన రీతిలోని శక్తి పక్క రీతుల్లోకి పొంగి, కింది పౌనఃపున్యాల నుంచి పైవాటికి ఎక్కుతుంది. దెబ్బ పడిన క్షణంలో కాకుండా, కొంచెం ఆగాక ధ్వని భళ్లున విచ్చుకుంటుంది. పెద్ద గాంగు మోతలోనూ, నాటకాల్లో ఉరుము కోసం ఆడించే ఇనుప రేకులోనూ ఉన్న రహస్యం ఇదే. పైగా ఉక్కులో కంపన శక్తి నెమ్మదిగా ఇంకుతుంది కాబట్టి, ఒక దెబ్బ మోత చల్లారకముందే తర్వాతి దెబ్బ పడుతుంది. మామూలు డ్రమ్ము వెంటనే ఊరుకుంటుంది, ఇనుము ఊరుకోదు. ఆ ఆల్బంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎప్పుడూ పూర్తి ఖాళీ దొరకకపోవడానికి ఇది ముఖ్యమైన కారణం.

ఇంతవరకూ వస్తువు సంగతి. ఇప్పుడు చెవి సంగతి. ఈ శబ్దాలు మనల్ని ఇబ్బంది పెట్టేది గుణిజాల వరస తప్పినందుకా, లేక ఇంకేదైనా కారణముందా? ఈ రెండింటినీ విడదీయడమే ఈ వాదనలో కీలకం. దగ్గర దగ్గర పౌనఃపున్యాలు రెండు కలిసి మోగితే శబ్దం పెరుగుతూ తగ్గుతూ విస్పందిస్తుంది. సెకనుకు రెండు మూడు విస్పందనాలైతే ఊయలలా హాయిగా ఉంటుంది. ముప్ఫై దాటేసరికి అదొక గరుకుదనంగా మారి చెవిని గీకుతుంది. హెల్మ్‌హోల్ట్స్ దీన్ని గుర్తించాడు. 1965లో హాలెండులో ప్లాంప్, లెవెల్ట్ దీన్ని కొలిచి, లోపలి చెవి పౌనఃపున్యాలను వేరుచేసే సామర్థ్యంతో ముడిపెట్టారు. రేకులో వందలాది అతిస్వరాలు ఇరుకిరుకుగా కిక్కిరిసి ఉంటాయి కాబట్టి గరుకుదనం దాని ఒంట్లోనే ఉంది. 2015లో లూక్ ఆర్నాల్, డేవిడ్ పోపెల్ బృందం మనుషుల కేకలను విశ్లేషించింది. మాట్లాడేటప్పుడు గొంతు బిగ్గరతనం సెకనుకు కొద్దిసార్లే మారుతుంది. ప్రాణభయంతో పెట్టే కేకలో ఆ మార్పు సెకనుకు 30 నుంచి 150 సార్లు జరుగుతుంది. ప్రమాదాన్ని హెచ్చరించే అలారాలదీ అదే పరిధి. అలాంటి ధ్వని మెదడులో భయానికి స్పందించే అమిగ్డలాను మేల్కొలుపుతుంది. బార్గెల్డ్ అరుపూ రేకు మోతా ఒకదానిలో ఒకటి అంత సహజంగా కలిసిపోవడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. ఒకటి గొంతు, ఒకటి ఉక్కు అయినా రెండూ తట్టే తలుపు ఒకటే. నొప్పితో వినడం అనే అర్థం వచ్చే పేరును ఆ ఆల్బంలో ఒక పాటకు పెట్టారు. ఆ పేరులో అతిశయోక్తి లేదు.

2016లో జోష్ మెక్‌డెర్మాట్ బృందం ‘నేచర్’లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో నాకు నిర్ణయాత్మకంగా కనిపిస్తుంది. బొలీవియా అడవుల్లో, పాశ్చాత్య సంగీతానికి దూరంగా బతికే త్సిమానె ప్రజలకు వాళ్లు రకరకాల స్వర సమ్మేళనాలు వినిపించారు. పాశ్చాత్యులు మధురమనేవీ కర్కశమనేవీ త్సిమానె వారికి సమానంగానే నచ్చాయి. కానీ గరుకుదనం ఉన్న ధ్వనులను మాత్రం వాళ్లూ మిగతావాళ్లలాగే ఇష్టపడలేదు. అంటే మనం రొద అని ఒకే మాటతో పిలిచేదానిలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. గుణిజాల వరస మీద ఇష్టం చాలావరకు పెంపకం నుంచి వచ్చింది. గరుకుదనం మీద అయిష్టం అంతకంటే లోతైనది, బహుశా మనుషులందరిదీ. మొదటిదాన్ని అలవాటుతో దాటవచ్చు. రెండోది అలవాటుకు అంత తేలిగ్గా లొంగదు. కాబట్టి పదేపదే వింటే ఏదైనా నచ్చుతుందనే మాట ‘కొలాప్స్’కు సరిపోయే సమాధానం కాదు. ఆ ఇనుములోని హెచ్చరిక నూరోసారి విన్నా హెచ్చరికగానే ఉంటుంది. మరి దాన్ని కోరి ఎందుకు వింటారు?

ఈ ప్రశ్నకు జవాబు సంగీతశాలలో దొరకలేదు, నగర జీవితపు ఒత్తిడి మీద జరిగిన పరిశోధనలో దొరికింది. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే అమెరికన్ మనోవిజ్ఞానులు ఆఫీసు యంత్రాల చప్పుళ్లనూ మనుషుల మాటలనూ కలగలిపి, 108 డెసిబెళ్ల తీవ్రతతో కొందరికి వినిపించారు. 1972లో ‘అర్బన్ స్ట్రెస్’ పుస్తకంలో ఆ ప్రయోగాలను వివరించారు. కొందరికి ఆ రొద నియమిత వ్యవధుల్లో వచ్చింది, మరికొందరికి ఎప్పుడు వస్తుందో తెలియకుండా వచ్చింది. మోత సాగుతున్నంతసేపూ అందరూ దాదాపు ఒకేలా సర్దుకుపోయారు. తేడా బయటపడింది మోత ఆగాక. ఎప్పుడొస్తుందో తెలియని రొద విన్నవాళ్లు ఆ తర్వాత ఇచ్చిన చిక్కుప్రశ్నలను త్వరగా వదిలేశారు, ప్రూఫులు దిద్దడంలో ఎక్కువ తప్పులు చేశారు. తీవ్రత అంతే, చప్పుడూ అదే. మారింది ఊహించగలగడం ఒక్కటే. ఇంకొక ప్రయోగంలో, అవసరమైతే రొదను ఆపుకోవడానికి ఒక మీట ఉందని చెప్పారు. దాన్ని చాలామంది నొక్కనే లేదు. అది ఉందన్న ఎరుకే రొద మిగిల్చే అలసటను చాలావరకు తగ్గించింది. శబ్దపు దుష్ఫలితంలో ఎంత భాగం చెవిది, ఎంత భాగం మనసుది అనే లెక్కను ఆ ప్రయోగాలు మార్చేశాయి.

శ్రుతి తల్లి, లయ తండ్రి అని మన సంగీతజ్ఞులు అంటారు. ‘కొలాప్స్’ శ్రుతిని దాదాపు తీసేసి, లయను ఉంచింది. మొదటి పాట ‘టాన్జ్ డెబీల్’ నుంచే దెబ్బలు వరసలో పడతాయి. ‘ష్టే ఔఫ్ బెర్లిన్’ డ్రిల్లింగ్ మోతతో ఎత్తుకుని, కాసేపటికి లయలోకి దిగుతుంది. ఎనిమిది నిమిషాల శీర్షిక గీతం బరువుగా, నెమ్మదిగా, ఒకే నడకను పట్టుకుని సాగుతుంది. లయను పట్టుకునే శక్తి మనకు ఎంత తొందరగా వస్తుందో 2009లో ఇష్త్వాన్ వింక్లర్ బృందం పరిశీలించింది. పుట్టి రెండు మూడు రోజులైన పసికందులు నిద్రలో ఉండగా వాళ్లకు డ్రమ్ము లయ వినిపించి, మధ్యలో ముఖ్యమైన దెబ్బను తప్పించారు. ఆ దెబ్బ రావలసిన చోట రాలేదని పసి మెదళ్లు విద్యుత్ సంకేతాలతో స్పందించాయి. ఇక ఆవృత్తి సంగతి. డయానా డాయిచ్ ఒక మామూలు మాటల ముక్కను తిప్పి తిప్పి వినిపిస్తే అది పాటలా మారిపోవడం గమనించింది. ఆ మార్పు మాటలకే పరిమితం కాదని 2018లో సింషీ-గ్రాస్, మార్గులిస్ చూపించారు. పరిసరాల్లోని మామూలు చప్పుళ్లను కూడా పదేపదే వినిపించినప్పుడు శ్రోతలు వాటిని మరింత సంగీతమయంగా విన్నారు. చప్పుడు మారలేదు, దాని అతిస్వరాలు గుణిజాల వరసలోకి రాలేదు. అయినా వినే తీరు మారింది. హెల్మ్‌హోల్ట్స్ గీత ఇక్కడ చెరిగిపోతుంది. ఆయన కొలతలు తప్పని కాదు. ఆయన వెతికిన క్రమం సెకనులో వందోవంతు పరిధిలో ఉంది. చెవికి అర సెకను, ఒక సెకను వ్యవధుల్లో వచ్చే క్రమం కూడా అంతే పనికొస్తుంది.

లయే సరిపోతే ఇనుము ఎందుకు, డ్రమ్ములు చాలవా అనే అభ్యంతరం న్యాయమైనదే. నా వాదనకు అసలు పరీక్ష అదే. గరుకుదనం శరీరాన్ని అప్రమత్తం చేస్తుంది. లయ మనసుకు భరోసా ఇస్తుంది. ఈ రెండూ ఒకేసారి జరగడంలోనే ఆ ఆల్బం బలమంతా ఉంది. సంగీతం, ఊహ మధ్య సంబంధం మీద 2006లో డేవిడ్ హ్యూరన్ రాసిన గ్రంథం దీనికి మంచి వివరణ ఇస్తుంది. ప్రమాదం అనిపించగానే మెదడులో వేగంగా పనిచేసే భాగం ఉలిక్కిపడుతుంది. కాస్త ఆగి ఆలోచించే భాగం ప్రమాదమేమీ లేదని తేలుస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమే ఒంటి మీద రోమాలు లేపే ఆనందమవుతుందని ఆయన వాదించాడు. గరుకుదనం లేని లయ ఆ ఉలికిపాటు తేలేదు. లయ లేని గరుకుదనం ఆ నిబ్బరం ఇవ్వలేదు. ఈ ఆల్బంలో బలహీనమైన చోట్లు కూడా ఈ వాదనకే సాక్ష్యమిస్తాయి. లయ పూర్తిగా జారిపోయి, వింతే వింతగా మిగిలిన ఒకటి రెండు చిన్న ముక్కలు వెంటనే మరపున పడతాయి. శీర్షిక గీతం పడదు.

అలాగైతే కార్ఖానాలో ప్రెస్సు యంత్రం కూడా క్రమం తప్పకుండా కొడుతుంది, అదీ సంగీతమేనా అని అడుగుతారు. కాదు. అందుకు రెండు కారణాలు. పూర్తిగా తెలిసిపోయిన దెబ్బ ముందు ఊహకు పని ఉండదు. మనిషి కొట్టే సమ్మెటలో చిన్న చిన్న హెచ్చుతగ్గులుంటాయి, ఆగడం ఉంటుంది, ఊహను ఒక క్షణం మోసం చేసి మళ్లీ దారిలో పెట్టడం ఉంటుంది. రెండో కారణం నాకు మరింత ముఖ్యం. యంత్రం పక్కన ఎనిమిది గంటలు నిలబడే కార్మికుడి చేతిలో మీట లేదు. గ్లాస్, సింగర్ చూపించిన తేడా అతని జీవితంలో రోజూ రుజువవుతుంది. ఆల్బం వినేవాడు సూది ఎత్తేయగలడు. కాబట్టి ఈ ఆల్బాన్ని ఉదాహరణగా చూపి రొదకు అందరూ అలవాటుపడాలని వాదించడం శాస్త్రాన్ని తలకిందులు చేయడమే. వీధిలో అర్ధరాత్రి మోగే లౌడ్‌స్పీకర్‌కూ ఎంచుకుని విన్న రికార్డుకూ డెసిబెళ్లు సమానం కావచ్చు. వినేవాడి స్థితి సమానం కాదు.

కొత్తేముంది అనే వాళ్లకు కూడా సమాధానం చెప్పాలి. ఇటలీలో లుయీజీ రూసోలో 1913లోనే రొదల కళ అంటూ ప్రకటన చేశాడు. ఎడ్గార్ వరేజ్ 1931లో ప్రధానంగా తాళవాద్యాలూ సైరన్లతో ‘అయనైజేషన్’ రచించాడు. జాన్ కేజ్ 1939లో మోటారు వాహనాల బ్రేకు డ్రమ్ములను వాద్యాలుగా వాడాడు. పియేర్ షెఫేర్ 1948లో రైలు చప్పుళ్లను కత్తిరించి కూర్చాడు. ఇంగ్లండులో థ్రాబింగ్ గ్రిసిల్ బృందం 1976లోనే ఇండస్ట్రియల్ రికార్డ్స్ పేరుతో సంస్థ పెట్టి ఈ ధోరణికి పేరిచ్చింది. ఇవన్నీ నిజం, ఆ పెద్దల ఋణం పెద్దది. అయితే వాళ్లలో చాలామంది రొదను కచేరీ హాలు మర్యాదలోకి, స్వరలిపిలోకి, లేదా టేపు ప్రయోగశాలలోకి తీసుకెళ్లారు. నోయ్‌బౌటెన్ దాన్ని రాక్ సంగీతపు శరీరంలోకి, కాలు కదిలే వేగంలోకి తెచ్చింది. ఆల్బం అట్ట మీద బెర్లిన్ ఒలింపిక్ స్టేడియం ముందు తమ పనిముట్లను వరసగా పరిచి తీయించుకున్న ఫొటో, 1969 నాటి పింక్ ఫ్లాయిడ్ ‘ఉమ్మగుమ్మా’ అట్టను గుర్తుచేస్తుంది. అక్కడ ఖరీదైన వాద్య సామగ్రి, ఇక్కడ కూలీల పనిముట్లు. రొదను వినడానికి ప్రత్యేకమైన చదువు అక్కర్లేదని, మామూలు లయజ్ఞానం చాలని ఆ ఫొటో చెప్పకనే చెబుతుంది. నా దృష్టిలో ‘కొలాప్స్’ ఇరవయ్యో శతాబ్దపు రొద సంగీతంలో అత్యంత నిజాయితీ గల ప్రయోగాల్లో ఒకటి, ఎందుకంటే అది చెవి స్వభావాన్ని కప్పిపుచ్చకుండా దానితోనే పనిచేసింది.

ఈ వాదన మీద నమ్మకం కుదరకపోతే పరీక్షించి చూడటం మీ చేతుల్లోనే ఉంది. శీర్షిక గీతాన్ని ఒకసారి పూర్తిగా వినండి. కాసేపు ఆగి రెండోసారి వినండి, ఈసారి వేలితో తాళం వేస్తూ. రెండోసారి ఏ దెబ్బ ఎప్పుడు పడుతుందో మీ వేలికి ముందే తెలుస్తుంది, గరుకుదనం మాత్రం మొదటిసారి ఉన్నంతే ఉంటుంది. వినేటప్పుడు శబ్దం తగ్గించి పెట్టుకోండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల దగ్గర రోజుకు ఎనిమిది గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెళ్ల దగ్గరికి వచ్చేసరికి పదిహేను నిమిషాలే మిగులుతుంది. ఆ దెబ్బ కార్ఖానా నుంచి వచ్చినా రికార్డు నుంచి వచ్చినా లోపలి చెవిలోని కేశకణాలకు తేడా లేదు, చనిపోయినవి మనుషుల్లో మళ్లీ మొలవవు.